గంజాయి చట్టాలపై నాయకుల మాట మారుతోంది: మీరున్న చోట ఏం జరిగింది?

నిశాచరి:
గంజాయి పేరెత్తితే ఓట్లు పోతాయని నాయకులు వణికిన రోజులు పోయినట్టున్నాయి. గాలప్ సర్వేలో దాన్ని చట్టబద్ధం చేయమన్న అమెరికన్లు 1969లో 12 శాతం, 2023లో 70 శాతం. ముందు జనం మారారు, ఆ తర్వాతే నాయకులు మారారని నా అనుమానం. చట్టం మారిన చోట ఉంటున్నవాళ్లు చూసింది చూసినట్టు రాయండి.

మేపుల్ బాబాయ్:
కెనడాలో 2018 అక్టోబరు నుంచి లీగల్. కొంపలేం మునగలేదు, అద్భుతాలూ జరగలేదు. డబ్బా మందుల షాపు సరుకులా ఉంటుంది: బొమ్మల్లేవు, పసుపు చీటీ మీద హెచ్చరిక, పిల్లల చేతికి తెరుచుకోని మూత. పిల్లలకు అందకూడదు, లాభాలు ముఠాలకు పోకూడదు అన్నదే అప్పటి ప్రధాని ట్రూడో వాదన. నా గొడవల్లా కారిడార్‌లో వాసనతోనే. ఫిర్యాదు చేస్తే మేనేజర్ "లీగలే కదా" అని చేతులు దులుపుకుంటాడు.

వానూరోడు:
అమెరికాలో మా ఆరెగాన్ రాష్ట్రం కథ వేరు. 2020లో మెజర్ 110 అనే ప్రతిపాదనకు జనమే ఓటేసి నెగ్గించారు. హెరాయిన్ లాంటివైనా సొంతానికి కొద్దిగా ఉంచుకుంటే జైలు లేదు, 100 డాలర్ల చలానా. హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేస్తే అదీ మాఫీ. చాలామంది ఫోనూ చేయలేదు, చలానా కట్టనూ లేదు. చికిత్సకు ఇస్తామన్న నిధులు ఆలస్యమయ్యాయి, ఈలోపు హెరాయిన్ కంటే ఘాటైన ఫెంటనిల్ అనే మత్తుమందు వచ్చిపడింది. 2024లో అసెంబ్లీ దాన్ని మళ్లీ నేరం చేసింది. గంజాయి మాత్రం లీగల్‌గానే ఉంది. టీవీ చర్చల్లో ఈ రెండూ కలిపేస్తుంటే ఒళ్లు మండుతుంది.

నిశాచరి:
మరి పోర్చుగల్ 2001లోనే ఇలా జైలు శిక్ష తీసేసి ఇప్పటికీ నెట్టుకొస్తోందిగా?

వానూరోడు:
అక్కడ పట్టుబడితే కోర్టుకు బదులు ఒక కమిషన్ ముందు కూర్చోవాలి, చికిత్స కూడా అప్పటికే సిద్ధంగా ఉంది. మావాళ్లు శిక్ష తీసేశారు, దాని చోట పెట్టాల్సింది పెట్టలేదు.

నల్లకోటు:
ఇండియా మాట కూడా చెప్తా. 2020 డిసెంబరులో ఐక్యరాజ్యసమితి మాదకద్రవ్యాల కమిషన్ గంజాయిని అతి ప్రమాదకర జాబితా నుంచి తీసేసింది. 27-25 ఓట్లతో నెగ్గిన ఆ తీర్మానానికి ఇండియా అనుకూలంగానే ఓటేసింది. ఇంట్లో మాత్రం 1985 నాటి ఎన్‌డీపీఎస్ (మాదకద్రవ్యాల) చట్టమే. సరుకు 20 కిలోలు దాటిందా, బెయిల్ గగనమే. కోర్టులో నాకు కనిపించేది ఎక్కువగా మూటలు మోసిన కూలీలు. సరుకు వేయించినవాడు బోనెక్కడం అరుదు.

వీసాగోల:
అమెరికాలో ఉన్న తమ్ముళ్లు ఒకటి గుర్తుపెట్టుకోండి. రాష్ట్రంలో లీగలైనా ఫెడరల్ చట్టంలో నేరమే. పౌరసత్వం లేనివాళ్లకు కేసు అక్కర్లేదు, "వాడాను" అని ఆఫీసర్ దగ్గర ఒప్పుకున్నా వీసాకు, గ్రీన్‌కార్డుకు ఎసరు.

కొత్తకుర్రాడు:
అన్నా, నేను తాగను. ఒక డిస్పెన్సరీలో (లైసెన్సుతో గంజాయి అమ్మే షాపు) అకౌంట్స్ జాబ్ ఆఫర్ వచ్చింది. గ్రీన్‌కార్డ్ ఉంది, సిటిజన్‌షిప్‌కు అప్లై చేయాలి. చేరొచ్చా?

వీసాగోల:
ఆగు. 2019లో ఇమిగ్రేషన్ శాఖ ఇచ్చిన మార్గదర్శకాల్లో గంజాయి రంగంలో ఉద్యోగం కూడా అడ్డంకుల్లో ఉంది, సిటిజన్‌షిప్ ఆగొచ్చు. లాయర్‌తో మాట్లాడకుండా సంతకం పెట్టకు.