ఏఐ ఇచ్చిన వేమన పద్యాలు అచ్చు వేయొచ్చా?

బ్రాడీపేట పాఠకుడు:
గుంటూరులో బడిపిల్లలకు పంచడానికి 30 వేమన పద్యాలతో చిన్న పుస్తకం వేస్తున్నాం. ఏఐని అడిగితే తాత్పర్యాలతో సహా ఇచ్చేసింది. అన్నిటికీ ‘విశ్వదాభిరామ వినురవేమ’ ఉంది కానీ కొన్ని ఎప్పుడూ విన్నట్టు లేవు. దొంగ పద్యాన్ని పట్టుకోవడం ఎలా? తెలియక వేసేస్తే తప్పెవరిది?

కృష్ణలంక:
మకుటాన్ని, అంటే పద్యం చివర వచ్చే ఆ ‘విశ్వదాభిరామ’ పాదాన్ని నమ్మకండి, ఎవరైనా తేలిగ్గా అతికించగలిగేది అదే. ముందు గణాలు కట్టండి, అంటే పాదాన్ని గురువులు (బరువుగా పలికే అక్షరాలు), లఘువులు (తేలికగా పలికేవి) చూసి ముక్కలు చేయండి. ఈ పద్యాల ఛందస్సు ఆటవెలదిలో 1, 3 పాదాలకు మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు. 2, 4 పాదాలకు అయిదూ సూర్యగణాలే. పాదం మొదటి అక్షరంతో నాలుగో గణం మొదటి అక్షరం కలవాలి, అది యతి. లేదా వాటి రెండో అక్షరాలు కలవాలి, అది ప్రాసయతి. మకుటాన్నే విడదీయండి: విశ్వ, దాభి, రామ, వినుర, వేమ. ‘వినుర’ నగణం (మూడు లఘువులు), మిగతా నాలుగూ హగణాలు (గురువు, లఘువు), రెండు రకాలూ సూర్యగణాలే. ‘వి’కి ‘వి’ యతి. ఏఐ అల్లిన పాదాలు తరచుగా ఇక్కడే దొరికిపోతాయి. మనకు ‘శ్వ’ ఒక్క అక్షరం. యంత్రానికి శ, పొల్లు, వ అని మూడు సంకేతాలు, కంప్యూటర్లు అక్షరాలను దాచుకునే యూటీఎఫ్-8 పద్ధతిలో 9 బైట్లు. వాటిని అది తన లెక్కలో ముక్కలు చేసుకుంటుంది, గురులఘువులు చెవిన పడవు.

గణం తప్పిందని వెంటనే కొట్టేయకండి, పాఠభేదం (ఒక్కో ప్రతిలో ఒక్కోలా ఉండటం) కావచ్చు. కుదిరిందని వేమనకు కట్టబెట్టనూ వద్దు. మొదటి పాదం పట్టుకుని అచ్చుప్రతిలో వెతకాలి. సి.పి. బ్రౌన్ వేసిన వేమన పద్యాల సంకలనం 1829లోనే వచ్చింది. దొరికిన ప్రతి పద్యం పక్కన ఏ ముద్రణ, ఎన్నో పద్యం అన్నది రాసుకోండి. ‘ఇది నిజంగా వేమనదేనా’ అని ఏఐనే మళ్లీ అడగడం దండగ, ఆ జవాబూ అలా అల్లిందే.

పటమట:
బాధ్యత మాటకొస్తే, మన పాత తర్కశాస్త్రమైన న్యాయదర్శనంలో శబ్దప్రమాణమంటే, అంటే నమ్మదగ్గ ఆధారంగా తీసుకునే మాటంటే, ఆప్తుడి మాట. విషయం స్వయంగా ఎరిగి, ఎరిగింది ఎరిగినట్టు చెప్పాలనుకునేవాడే ఆప్తుడని దానికి వాత్స్యాయనుడు రాసిన భాష్యం. అతను ఋషే కానక్కర్లేదు. తర్వాత ఏ ముక్క రావచ్చో లెక్కగట్టే ఏఐకి ఆ రెండు లక్షణాలూ లేవు.

దశరథుడు సరయూ ఒడ్డున కుండ నిండే చప్పుడు విని ఏనుగనుకుని బాణం వేశాడు. తెలియక చేశావు కాబట్టే బతికున్నావంటూనే మునికుమారుడి తండ్రి శపించాడు. అజ్ఞానం శిక్షను తగ్గించింది, బాధ్యతను తీసేయలేదు. మీకైతే అనుమానం ముందే వచ్చింది కనుక ‘తెలియక’ అన్న మాట ఇక చెల్లదండీ. తెలియనిది తెలియదని చెప్పేలా ఏఐని తయారుచేయాల్సిన పని దాన్ని చేసినవాళ్లది. వేమన పేరు అచ్చువేసేది మాత్రం మీరు.

బ్రాడీపేట పాఠకుడు:
మరి పెద్దవాళ్ల నోట విన్నదే, ఏ ప్రతిలోనూ లేకపోతే?

కృష్ణలంక:
వేయండి. కింద ‘వేమన పేరిట ప్రచారంలో ఉన్నది’ అని, విన్న ఊరు, విన్న ఏడాది రాయండి. ఏఐ దగ్గర తప్ప ఇంకెక్కడా కనబడని పద్యాన్ని మాత్రం తీసేయండి.