నాక్సోస్‌లో ఏ బీచ్? జూలై, పెద్దవాళ్లు, చిన్నపిల్ల

ప్రశ్న
జూలై చివర్లో గ్రీస్‌లోని నాక్సోస్‌ దీవికి వెళ్తున్నాం. అమ్మానాన్న, నాలుగేళ్ల పాప ఉన్నారు. బస నాక్సోస్ టౌన్‌లో, కారు తీసుకోవట్లేదు. ఆయియోస్ యోర్యోస్, ఆయియోస్ ప్రొకోపియోస్, ప్లాకా... ఫొటోల్లో అన్నీ ఒకేలా ఉన్నాయి. ఎక్కడికి వెళ్లాలి?

జవాబు 1
ఫొటోలు పక్కన పెట్టి గాలి సంగతి చూడండి. జూలై, ఆగస్టుల్లో అక్కడ ఉత్తరం నుంచి మెల్తెమి అనే బలమైన గాలి వీస్తుంది. మామూలుగా పొద్దున కాస్త నెమ్మదిగా ఉండి, మధ్యాహ్నానికి ఊపందుకుంటుంది.

పాపకైతే ఆయియోస్ యోర్యోస్. టౌన్ నుంచి నడిచే వెళ్లొచ్చు, చాలా దూరం దాకా నీళ్లు మోకాలి లోతే. దక్షిణపు కొసన విండ్‌సర్ఫింగ్ చేస్తారు, అటు వద్దు.

ప్రొకోపియోస్‌లో నీళ్లు ఇంకా తేటగా ఉంటాయి. ఉత్తరాన స్తెలిదా కొండ ఉంది కాబట్టి గాలి కొంత తగ్గుతుంది. కానీ ఇసుక ముతక, నాలుగడుగులు వేయగానే లోతు వచ్చేస్తుంది. ఈత వచ్చిన పెద్దవాళ్లకు బావుంటుంది, పాప చెయ్యి మాత్రం వదలకూడదు.

జవాబు 2
ప్లాకా దాదాపు 4 కిలోమీటర్ల పొడవు. జనం పలచగా ఉంటారు గానీ గాలి రోజున ఇసుక కళ్లలో పడుతుంది. దక్షిణం వైపు పోయేకొద్దీ బట్టల్లేకుండా స్నానం చేసేవాళ్లు కనిపించొచ్చు. అమ్మానాన్నతో అయితే ఉత్తరాన పక్క బీచ్ ఆయియా ఆన్నా ఉన్న వైపు, మొదట్లోనే ఆగిపోండి.

బస్సు రేవు దగ్గర ఎక్కాలి. ప్రొకోపియోస్, ఆయియా ఆన్నా, ప్లాకా అన్నీ ఒకే రూటు. టికెట్ ఎక్కకముందే కొనండి, తిరుగు టికెట్ కూడా అప్పుడే. సాయంత్రం అందరూ ఒకేసారి బయల్దేరతారు, మధ్య స్టాపుల్లో నిలబడ్డానికి కూడా చోటు దొరకదు. తిరిగొచ్చేటప్పుడు బస్సు బయల్దేరే ప్లాకా వైపు చివరి స్టాపులో ఎక్కడమే తెలివి.

జవాబు 3
మిక్రి విగ్లా ఎవరూ చెప్పలేదేం? ఒకే కొండకి రెండు బీచ్‌లు. ఉత్తరం వైపు కైట్‌సర్ఫింగ్ వాళ్లది, దక్షిణం వైపు లిమనాకిలో గాలి చాటు. అయితే కారుంటేనే సుఖం. మనసు మార్చుకుని కారు తీసుకుంటే ఇండియా లైసెన్సుతో పాటు ఐడీపీ (అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్) ఉండాలి, ఇండియాలోనే తీసుకుని వెళ్లండి.

పడక కుర్చీలకు డబ్బు ఇష్టం లేకపోతే సొంత గొడుగు పాతుకోవచ్చు. కాడ ఒక జానెడు దించితే సరిపోదు, మోచేతి లోతు దించి, పైభాగం గాలి వచ్చే వైపు వంచాలి. నిటారుగా పెడితే గాలి అడుగున దూరి ఎగరేసుకుపోతుంది.