సుకెసదా కత్తి: మధ్యలో చెరిగిన పేరు ఎవరిది?

జపాన్‌లోని ఒకయామాలో ఉంటున్నాను. పోయిన నెల రిజిస్ట్రేషన్ కార్డున్న పాత జపాన్ కత్తి కొన్నాను. పొడవు 62.4 సెం.మీ., వంపు 1.9 సెం.మీ. పిడి విప్పితే లోపలి తోక మీద ఒక పక్క "బిజెన్ నో కునీ జూ ఒసాఫునే" (బిజెన్ రాజ్యంలోని ఒసాఫునే వాసి), చివర కమ్మరి పేరు "సుకెసదా". రెండో పక్క జపాన్ లెక్కలో ఎయిషో శకం 9, ఎనిమిదో నెల, అంటే 1512.

సుకెసదా పేరుతో పనిచేసిన కమ్మరులు బోలెడుమంది. ఎవరో ముఖ్యంగా తేలేది ఆ రెండు మాటల మధ్య చెక్కే సొంత పేరుతో. సరిగ్గా అక్కడే ఎవరో తర్వాతెప్పుడో పిడి మేకు కోసం ఇంకో రంధ్రం తొలిచారు (ఇంకెక్కడా చోటు దొరకలేదు కాబోలు!). సొంత పేరు తర్వాత వచ్చే బిరుదులోని ఆఖరి "జో" మిగిలింది. దానికి ముందు రంధ్రం, చుట్టూ తుప్పు కలిసి 3.8 సెం.మీ. చెరిగిపోయింది, మిగతా అక్షరాలు ఒక్కోటి సుమారు 1 సెం.మీ. సుకెసదాల్లో "హికోబెయి" అయితే జపాన్ లిపిలో మూడక్షరాలు, "యోసోజాయెమోన్" అయితే ఐదు. కొలత రెంటికీ మధ్యలో ఆగింది.

పక్కనుంచి టార్చి వేసి ఫోటోలు తీశాను, పలచటి కాగితం పెట్టి పెన్సిల్ రుద్దాను, పుస్తకాల్లో అచ్చయిన సంతకాలతో పోల్చాను. తుప్పు మాత్రం గీకలేదు, గీకను కూడా. రంధ్రం పైఅంచున మూడు పొట్టి ఉలిగీతలు కనిపిస్తున్నాయి, కొంచెం వాలుగా.

ఇవి "యోసో"లో "మూడు" అంకెను రాసే అడ్డగీతలా, "హికో" అక్షరం అడుగున వచ్చే వాలు గీతలా? ఉలి దిగిన తీరు చూసి ఎలా తేల్చుకోవాలి?