బాతు కూత తెల్లగా ఉంటుందా?

మొన్న పదిహేడో శతాబ్దపు జపాన్ కవి బషో హైకూ (మూడు ముక్కల చిన్న పద్యం) ఒకటి తెలుగులో పెట్టి, "బాతు కూత తెల్లగా ఉండడమేంటి, అనువాదంలో ఏదో తేడా కొట్టింది" అన్నారొకరు. తేడా లేదండీ, మూలంలోనే అలా ఉంది.

ఉమి కురేతె
కమొ నొ కోఎ
హొనొకని షిరొషి

ఉమి సముద్రం, కురేతె పొద్దుగూకి, కమొ బాతు, కోఎ గొంతు, షిరొషి తెల్లన. 1684 చలికాలంలో, ఇప్పుడు నగోయాలో భాగమైపోయిన అత్సుత దగ్గర, సముద్రం ఒడ్డున రాసింది.

చిక్కంతా మన మాటలతోనే. ముందు బాతు. బాతు అనగానే మనకు చెరువు గట్టు మీద వరసగా ఊగుకుంటూ పోయే పెంపుడు బాతులే గుర్తొస్తాయి. జపనీస్‌లో వాటికి అహిరు అని వేరే మాట ఉంది. కమొ అంటే చలికాలానికి ఉత్తరాన్నుంచి దిగే పిట్ట, హైకూలో ఆ పేరు వస్తే చాలు, చలి అని విడిగా చెప్పక్కర్లేదు (ఇలాంటి రుతువు మాటను కిగో అంటారు). "అడవిబాతు" అంటే పెరటి వాసన పోతుంది గానీ సముద్రంలోకి అడవి వచ్చిపడుతుంది. నేనైతే "వలసబాతు" అంటాను, పక్షుల పుస్తకంలోంచి ఊడిపడ్డట్టుందని తిట్టినా సరే.

ఒక బాతా, గుంపా? మూలంలో తేల్చలేదు. మనమూ కోడికూత అన్నట్టు "బాతు కూత" అనేసి తప్పించుకోవచ్చు.

హొనొకని దగ్గర మాత్రం తెలుగుకి లాటరీ తగిలినట్టే. అది వెలుగుకీ వాడతారు, చప్పుడుకీ వాడతారు. మనకు "లీలగా" ఉంది కదా! లీలగా వినిపించింది అంటాం, లీలగా కనిపించింది అనీ అంటాం. చెవికి అందింది కంటికి అందేదిగా మారేది సరిగ్గా ఆ మాట మీదే, అక్కడ "సన్నగా" అనో "మెల్లగా" అనో రాస్తే పద్యం చెవి దగ్గరే ఆగిపోతుంది.

ఇక తెల్లన. చీకటి పడుతున్న చోట ఆ మాట వేస్తే మన చెవి తెల్లవారుజాము వైపు లాగుతుంది, నిజమే. అయినా మార్చకూడదు. "పాలిపోయిన కూత" అంటే బాతుకి జ్వరం వచ్చినట్టుంటుంది. ఒకసారి చలికాలం సాయంత్రం సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట వెళ్లే రోడ్డు మీద, పులికాట్ మధ్యలో బండి ఆపుకుని నిలబడ్డాను. పిట్ట ఒక్కటి కనబడలేదు, ఎక్కడో దూరంగా కూత. కళ్లు అటే పోయాయి, అక్కడ నీటి మీద ఇంకా ఆరని వెలుగు ఒక చార. అప్పట్నుంచి ఆ షిరొషి మీద నాకు అనుమానం లేదు.

ఇంకోటి, హైకూలో మూడు ముక్కలకీ మామూలుగా అక్షరాల లెక్క 5-7-5, ఇది మాత్రం 5-5-7. చివరి రెండు ముక్కలూ అటూ ఇటూ మారిస్తే లెక్క చక్కగా కుదిరేది, బషోకి ఆ మాత్రం తెలియదా? కూత ముందు వినబడాలి, తెలుపు తర్వాత రావాలి. తెలుగు వాక్యం కూడా అలాగే నడుస్తుంది కాబట్టి వరస చెడదు:

సముద్రం మీద పొద్దుగూకి
వలసబాతు కూత
లీలగా తెల్లన

- - -

వలసబాతు నాకింకా మింగుడు పడలేదు గానీ, లీలగా బాగుంది మాస్టారూ. మరి బషోదే కాకి హైకూ సంగతేంటి? "రోజూ విసుగనిపించే కాకి కూడా, మంచు ఉదయాన!" అని రాస్తే మా ఇంట్లో ఎవరికీ ఎక్కలేదు.

- - -

ఎలా ఎక్కుతుందండీ, "మంచు ఉదయం" అంటే మనవాళ్లకు డిసెంబర్లో ఎదురుగా బస్సు కనబడని పొద్దున. పొగమంచు, రాలే మంచు, పేరుకున్న మంచు, మనకు అన్నీ మంచే. మూలంలో ఉన్న మాట యుకి, అంటే నేలంతా కప్పేసే మంచు, ఆ తెలుపు మీద నలుపు తేలితేనే కాకి ముచ్చటగా కనిపించేది, పొగమంచులో అయితే కాకి కనబడనే కనబడదు. "కూడా" అని ఆపేసి మెచ్చుకోలు మింగేయడం మాత్రం మూలంలోనూ ఉంది, దాన్ని కదపకండి. నేనిలా అంటాను:

రోజూ విసుగనిపించే
కాకి కూడా... నేలంతా మంచు
కప్పిన ఈ పొద్దున!

అన్నట్టు ఆ హైకూలో ఉదయానికి వాడిన మాట అషిత. ఇప్పటి జపనీస్‌లో దానర్థం రేపు. మన రేపుదీ అదే కథ, పాత తెలుగులో రేపు అన్నా రేపకడ అన్నా తెల్లవారే వేళే.