వారానికి రెండు పూటలు బయట తిప్పితే అది చదువేనా? హోమ్‌స్కూల్ తల్లిదండ్రులు చెప్పండి

మురళీనగర్ అమ్మ:
అందరికీ నమస్కారం. మా పిల్లలిద్దరూ ఇంట్లోనే చదువుకుంటున్నారు, పాపకి తొమ్మిదేళ్లు, బాబుకి పన్నెండు. వారానికి రెండు పూటలు పుస్తకాలు మూసేసి మా విశాఖలోనే తెన్నేటి పార్కు కింద సముద్రం ఒడ్డు రాళ్ల దగ్గరికో, కంబాలకొండ అడవికో తీసుకెళ్తున్నాను. మొన్న మా బావగారు ఇంటికొచ్చి "ఇది పిక్నిక్ అమ్మా, చదువు కాదు, వాడు రేపు ఓపెన్ స్కూల్లో పది రాయాలి కదా" అన్నారు. అప్పట్నుంచీ ఒకటే టెన్షన్. ఈ నడకల్ని సైన్సు క్లాసు కింద లెక్కేసుకోవచ్చా, లేక ఇది సరదాకి వదిలేసి సైన్సు వేరేగా చెప్పాలా? మొహమాటం లేకుండా చెప్పండి.

గాజువాక లెక్కల మాస్టారు:
మీ బావగారి మాటలో విషయం ఉందమ్మా. నా దగ్గరికి ట్యూషన్‌కి ఓపెన్ స్కూల్ పిల్లలు వస్తుంటారు. ఎన్‌ఐఓఎస్‌లో (అదే జాతీయ ఓపెన్ స్కూల్లో) పది రాయడానికి 14 ఏళ్లు నిండాలి, అంటే మీ బాబుకి ఇంకెంతో టైము లేదు. సైన్సు పేపర్లో పిట్టల పేర్లు అడగరు, రసాయన సమీకరణాలు, విద్యుత్తు, కటకాలు అడుగుతారు, ప్రాక్టికల్ కూడా ఉంటుంది. సముద్రం ఒడ్డున ఎంతసేపు నిలబడినా విద్యుత్తు పాఠంలోని ఓమ్ నియమం రాదు. ఇలా తిరిగిన పిల్లలు చూసింది గడగడా చెప్తారు, అదే నాలుగు వాక్యాలు వరసగా రాయమంటే పెన్ను కదలదు. నా అనుభవం ఇది.

లాసన్స్‌బే కాలనీ నాన్న:
మాస్టారూ, ఓమ్ నియమం బీచ్‌లో రాదు, నిజమే. కానీ నడకంటే పిట్టల పేర్లు అప్పజెప్పడం అని మీరు అనుకుంటున్నట్టున్నారు, మా ఇంట్లో జరిగింది చెప్తాను వినండి. మా పాపని ఎప్పుడూ ఒకే చోటికి తీసుకెళ్తాం, అవే తెన్నేటి పార్కు కింద రాళ్లు. నీళ్లు వెనక్కి తగ్గినప్పుడు రాళ్ల మధ్య గుంటల్లో చిన్న చేపలు, ఖాళీ గవ్వల్లో దూరి బతికే సన్యాసి పీతలు, పువ్వుల్లా కనిపించే సీ అనిమోన్లనే జీవులు కనిపిస్తాయి. ఈరోజు పొద్దున్న ఆరింటికి అవన్నీ కనిపించాయనుకోండి, నాలుగు రోజులాగి అదే ఆరింటికి వెళ్తే ఆ గుంటలు నీళ్ల కింద ఉంటాయి. ఎందుకని అడిగింది. మేం జవాబు చెప్పకుండా, వెళ్లిన ప్రతిసారీ టైమూ, క్యాలెండర్లో ఆ రోజు తిథీ పక్కపక్కన రాసుకోమన్నాం. కొన్నాళ్లకి తనే పట్టుకుంది, ఆటు, అంటే నీళ్లు వెనక్కి తగ్గడం, వచ్చే వేళ రోజుకి దాదాపు 50 నిమిషాలు ఆలస్యమవుతోందని, పౌర్ణమి అమావాస్యల దగ్గర నీళ్లు మరీ దూరం పోతున్నాయని. అప్పుడు టేబుల్ లైటు సూర్యుడు, బంతి భూమి, నిమ్మకాయ చంద్రుడు పెట్టుకుని కూర్చున్నాం: భూమి ఒక చుట్టు తిరిగొచ్చేలోపు చంద్రుడు కాస్త ముందుకి జరిగిపోతాడు, అతన్ని అందుకోవడానికి భూమికి ఇంకో 50 నిమిషాలు కావాలి. ఇప్పుడు ఎప్పుడు బయల్దేరాలో మాకు పాపే చెప్తుంది. ఇందులో పరిశీలన ఉంది, లెక్క ఉంది, ఖగోళం ఉంది, ఇది చదువు కాదంటే నేను ఒప్పుకోను.

రసాయన శాస్త్రం కావాలంటే భీమిలి రోడ్డులో ఎర్రమట్టి దిబ్బలున్నాయి. గాలి పోసిన ఇసుక అది, అందులోని ఇనుము ఆక్సిజన్‌తో కలిసి ఎర్రబడింది, ఆక్సీకరణం అన్న పాఠం కాళ్ల కిందే ఉంది. భీమిలి ఒడ్డున ఇసుకలో నల్ల చారలుంటాయి, పాత స్పీకర్లోంచి తీసిన అయస్కాంతం ఆడిస్తే నల్ల రేణువులు లేచి అంటుకుంటాయి. మిగిలిన వాటిలో ఎర్రగా మెరిసేవి గార్నెట్ అనే ఖనిజం రేణువులు, మన చుట్టూ ఉన్న ఖొండలైటు అనే రాతి కొండలు అరిగి కొట్టుకొచ్చినవి. కైలాసగిరి కొండ రాయికీ, బీచ్ ఇసుకకీ చుట్టరికం ఉందని పుస్తకంలో చదివితే మర్నాటికి మర్చిపోతారు.

మేడమ్ గారూ, మీకు నేను చెప్పేది ఒకటే. వారానికో కొత్త చోటు తిప్పితే మీ బావగారన్నట్టు అది పిక్నిక్కే అవుతుంది. ఒక చోటు పట్టుకోండి, ఒక ప్రశ్న పట్టుకోండి, అది తేలేదాకా అక్కడికే వెళ్లండి.

హార్బర్ కుర్రాడు:
మా నాన్న వేటకి వెళ్లేవారు, అందుకని రెండు మాటలు. ఆ ఆటుపోట్ల లెక్క జాలరిపేటలో చిన్నపిల్లలకి కూడా తెలుసు, పుస్తకాల్లో వెతికే ముందు ఒడ్డున వల బాగుచేసుకునే పెద్దాయన్ని అడగండి, సంతోషంగా చెప్తారు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరపడవలకి వేట నిషేధం, ఆ రోజుల్లో పిల్లల్ని హార్బర్‌కి తీసుకొచ్చి బోట్లన్నీ ఎందుకు కట్టేసి ఉన్నాయో అడగమనండి, చేపలు గుడ్లు పెట్టే కాలం గురించి అక్కడే తెలుస్తుంది. జనవరి నుంచి మార్చి దాకా తాబేళ్లు గుడ్లు పెట్టే కాలం. అటవీ శాఖవాళ్లు గుడ్లు తీసుకెళ్లి హేచరీలో పొదిగించి, పిల్లల్ని తెల్లవారుజామున సముద్రంలోకి వదులుతారు. ఇసుక వేడిని బట్టి ఆడో మగో తేలుతుంది, వేడెక్కువైతే ఆడవే ఎక్కువ.

దయచేసి గుంటల్లోంచి పీతనో, గవ్వనో సీసాలో వేసుకుని ఇంటికి తేవద్దు. ఖాళీ గవ్వ ఇంకో సన్యాసి పీతకి ఇల్లు. ఇంకోటి, పిల్లల్ని ఇసుక మీదా, రాళ్ల దగ్గరా ఉంచండి, నీళ్లలోకి దిగనివ్వద్దు. రుషికొండలో, యారాడలో లోపలికి లాగేసే ప్రవాహాలకి ఈత వచ్చినవాళ్లే పోతున్నారు. రాళ్ల మీద నాచు జారుతుంది, అలలకి వీపు పెట్టి నిలబడకూడదు.

గాజువాక లెక్కల మాస్టారు:
లాసన్స్‌బే గారూ, మీ పాప చేసింది బాగుంది, ముచ్చటేసింది. కానీ వెనక మీరు కూర్చున్నారు, నిమ్మకాయ పట్టుకుని చంద్రుణ్ణి తిప్పారు. అంత ఓపికా, అంత తెలిసీ ఉన్న తల్లిదండ్రులు ఎంతమంది? తెలియనివాళ్లు మిమ్మల్ని చూసి పిల్లల్ని ఊరికే తిప్పుతారు, పద్నాలుగేళ్లొచ్చాక నా దగ్గరికి పంపిస్తారు. అందుకే అంటున్నా, నడిచొచ్చిన ప్రతిసారీ ఒక పేజీ రాయించండి, బొమ్మ, తేదీ, ఒక ప్రశ్న.

లాసన్స్‌బే కాలనీ నాన్న:
రాయించాలి, అక్కడ మీతోనే ఉన్నాను. ప్రతిసారీ పేజీ అంటే మాత్రం వద్దు మాస్టారూ, ఇంటికెళ్తే రాయాలన్న బెంగతో పిల్లలు ప్రశ్నలు అడగడం మానేస్తారు. అక్కడ రెండు ముక్కలు, టైమూ తిథీ చాలు. పేజీ ఏదో ఒకటి తేలినప్పుడు రాయించండి, అప్పుడు రాయడానికి వాళ్ల దగ్గర విషయం ఉంటుంది. తెలియని తల్లిదండ్రుల మాటకొస్తే, నేను చదివిందీ బీకామే. పిల్లతో పాటే నేర్చుకున్నాను.

మురళీనగర్ అమ్మ:
అందరికీ చాలా థాంక్సండి. కంబాలకొండ ప్రస్తుతానికి పక్కన పెడుతున్నాను, తెన్నేటి పార్కు రాళ్లే ఖాయం. నీళ్లలోకి దిగనివ్వను. బాబుకి లెక్కలు రోజూ పొద్దున్నే, నడక ఉన్న రోజు కూడా. పేజీ మాత్రం బాబుకి వారానికొకటి, పాపకి ఎప్పుడు రాయాలనిపిస్తే అప్పుడు. మాస్టారూ, కటకాలూ విద్యుత్తూ నా వల్ల కాదు, బాబుకి పదమూడు నిండాక మీ దగ్గరికి పంపిస్తే తీసుకుంటారా?