రోజూ వీపున మోసేదీ, రాత్రి గేమ్స్ ఆడేదీ ఒకటే ల్యాప్‌టాప్ కావాలంటే ఏం చూడాలి?

సైట్_డైరీ అడిగారు:

అందరికీ నమస్కారం అండీ.

నాది స్ట్రక్చరల్ డ్రాఫ్టింగ్ పని. వారంలో నాలుగు రోజులు సైట్, మిగతా రోజులు ఆఫీసు. ఎక్కడికెళ్లినా ల్యాప్‌టాప్ వీపు మీద ఉండాల్సిందే. ఆటోక్యాడ్, పెద్ద పెద్ద పీడీఎఫ్‌లు, ఎక్సెల్, ఇంతకుమించి పనేమీ ఉండదు. రాత్రి పాప పడుకున్నాక గంట, గంటన్నర గేమ్స్ ఆడతాను. రోజు మొత్తంలో నాకంటూ మిగిలేది ఆ గంటే. అందుకే దాన్ని వదులుకోమని మాత్రం ఎవరూ చెప్పకండి.

ఇప్పుడున్నది అయిదేళ్ల కిందటి 15.6 అంగుళాల గేమింగ్ ల్యాప్‌టాప్. మొన్న బరువు మిషన్ ఎక్కి బ్యాగుతో ఒకసారి, బ్యాగు లేకుండా ఒకసారి చూసుకున్నాను. తర్వాత ల్యాప్‌టాప్‌నీ ఛార్జర్‌నీ విడివిడిగా తూచాను. ల్యాప్‌టాప్ 2.4 కిలోలు, ఛార్జర్ 700 గ్రాములు. అంటే మూడు కిలోల పైమాటే. నీళ్ల సీసా, టేపు, హెల్మెట్ ఇవన్నీ దీనికి అదనం. బ్యాగు కుడి పట్టీ దగ్గర కుట్టు రెండుసార్లు ఊడింది. భుజం సంగతి సరేసరి, పొద్దున లేవగానే మెడ తిప్పలేకపోతున్నాను.

ఆడేవి చెబుతాను. ఎల్డెన్ రింగ్ సగంలో ఉన్నాను. తమ్ముడితో కౌంటర్ స్ట్రైక్ 2. బాగా అలసిపోయిన రోజు స్టార్‌డ్యూ వ్యాలీ.

నాకు అర్థం కానిది ఒక్కటే. ఆర్‌టీఎక్స్ 4060 గ్రాఫిక్స్ కార్డు ఉన్న ల్యాప్‌టాప్‌లు రెండు చూశాను. ఒకటి కిలోన్నర, ఇంకోటి 2.3 కిలోలు. కార్డు ఒకటే అయినప్పుడు బరువైనదాన్ని ఎవరైనా ఎందుకు కొంటారు? ఎక్కడో మెలిక ఉంది. అదేంటో తెలిసినవాళ్లు కాస్త విడమరిచి చెప్పండి.

రెండో_స్లాట్:

అసలు విడి గ్రాఫిక్స్ కార్డు అవసరమా అన్నది ముందు తేల్చుకోండి. రైజెన్ 7 7840, 8840 ప్రాసెసర్లలో రేడియాన్ 780ఎం అని లోపలే గ్రాఫిక్స్ వస్తుంది. రైజెన్ ఏఐ 9 హెచ్‌ఎక్స్ 370లో 890ఎం, ఇంటెల్ కోర్ అల్ట్రా 200వి సిరీస్‌లో పై మోడళ్లకి ఆర్క్ 140వి. నా దగ్గర 780ఎం ఉంది. స్టార్‌డ్యూ గురించి ఆలోచించక్కర్లేదు. కౌంటర్ స్ట్రైక్ సెట్టింగ్స్ తగ్గించి హాయిగా ఆడుతున్నాను. ఎల్డెన్ రింగ్ మాత్రం 1080పీ రిజల్యూషన్‌లో, లోకీ మీడియంకీ మధ్య సెట్టింగ్స్‌తో ఆడుకోవచ్చు గానీ నిలకడగా సెకనుకి 60 ఫ్రేములు రావడం కష్టం.

ఒక్క జాగ్రత్త. ఈ గ్రాఫిక్స్‌కి సొంత మెమరీ ఉండదు, ల్యాప్‌టాప్ ర్యామ్‌నే పంచుకుంటుంది. ఒకే ర్యామ్ స్టిక్ పెట్టి అమ్మే మోడల్ తీసుకుంటే సగం దారి మూసేసినట్టే. నేను మొదట అలాగే కొన్నాను. రెండో స్టిక్ వేసిన రోజు అదే గేమ్ వేరే మిషన్‌లో ఆడుతున్నట్టు అనిపించింది.

పాత_హింజ్:

సైట్_డైరీ గారూ, మీ అనుమానం నిజమే. ఆ తేడా అంతా కార్డుకి ఇచ్చే వాట్లలో, అంటే పవర్‌లో ఉంది.

ల్యాప్‌టాప్ 4060కి, దాన్ని తయారుచేసే ఎన్విడియా ఇచ్చిన పరిధి 35 నుంచి 115 వాట్లు. ఆ మధ్యలో ఎంత ఇవ్వాలో ల్యాప్‌టాప్ తయారుచేసేవాళ్ల ఇష్టం. 2.3 కిలోల దాంట్లో వేడిని బయటికి లాగే మందమైన హీట్‌సింక్, పెద్ద ఫ్యాన్లు పడతాయి కాబట్టి పూర్తి వాట్లు ఇచ్చినా తట్టుకుంటుంది. కిలోన్నర దాంట్లో ఆ చోటు లేదు, కాబట్టి తగ్గిస్తారు. పెట్టె మీద స్టిక్కర్ మాత్రం రెండింటికీ ఒకటే.

ఇది నేను దెబ్బ తిని నేర్చుకున్నాను. 4060 చూసి సన్నటి ల్యాప్‌టాప్ ఒకటి కొన్నాను. కంపెనీ పేరు ఇక్కడ అనవసరం. పెట్టె నాలుగు వైపులా తిప్పి చూసినా వాట్ల సంగతి ఎక్కడా లేదు. నెల తిరక్కుండానే మా కొలీగ్ తన 4050 ల్యాప్‌టాప్ తెచ్చాడు, అంటే 4060 కన్నా ఒక మెట్టు కింది కార్డు. ఇద్దరం ఒకే గేమ్ ఒకే సెట్టింగ్స్‌లో పక్కపక్కన పెట్టి ఆడితే ఫ్రేములు దాదాపు సమానం. తనది మందంగా ఉంది, పూర్తి పవర్‌తో నడుస్తోంది. నాది ఎన్విడియా కంట్రోల్ ప్యానెల్‌లో సిస్టమ్ ఇన్ఫర్మేషన్ తెరిచి చూస్తే 45 వాట్లు. ఆ సాయంత్రం నాకు చాలా బాధేసింది. డబ్బు గురించి కాదు, అడిగితే చెప్పే మనిషి లేకపోవడం గురించి. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

అలాగని మీరు 115 వాట్ల వెనక పడక్కర్లేదు. మొదటి వాట్లు ఇచ్చినంత ఫలితం చివరి వాట్లు ఇవ్వవు. 60 నుంచి 90 మధ్య ఉంటే మీరు చెప్పిన గేమ్స్‌కి బాగా సరిపోతుంది. ఎల్డెన్ రింగ్ పీసీలో ఎలాగూ సెకనుకి 60 ఫ్రేముల దగ్గర ఆగిపోతుంది, ఎంత కార్డు పెట్టినా అంతకు మించి వెళ్లదు. దానికి గేమ్ తయారుచేసినవాళ్లు రికమెండ్ చేసింది కూడా డెస్క్‌టాప్‌లో వాడే పాత కార్డు జీటీఎక్స్ 1070, 16 జీబీ ర్యామ్. సన్నటి బాడీలో పై మెట్టు కార్డు 4070 కోసం ఎక్కువ పెట్టడం నాకు నచ్చదు. 4060కీ 4070కీ ల్యాప్‌టాప్‌లో మెమరీ 8 జీబీయే, పైగా రెండూ అదే వేడి దగ్గర ఆగిపోతాయి. 4050కి మాత్రం 6 జీబీయే ఉంటుంది, కొత్త గేమ్స్‌లో టెక్స్చర్లు తగ్గించుకోవాల్సి వస్తుంది.

ఇక నేను ముఖ్యంగా చెప్పాలనుకున్నది ఛార్జర్ గురించి. అందరూ ల్యాప్‌టాప్ బరువు చూస్తారు, ఛార్జర్ బరువు చూడరు. మీరు చూశారు, సంతోషం. కానీ ఆ 700 గ్రాములు రోజూ ఎందుకు మోస్తున్నారు? గేమ్స్ ఆడేది ఇంట్లోనే కదా. యూఎస్‌బీ-సి ద్వారా ఛార్జ్ అయ్యే ల్యాప్‌టాప్ తీసుకోండి. పెద్ద ఛార్జర్‌ని ఇంట్లో టేబుల్ కాలికి కట్టేసి ఉంచండి. బ్యాగులో 65 లేదా 100 వాట్ల చిన్న ఛార్జర్ వేసుకోండి, అరచేతిలో పడుతుంది. ఆటోక్యాడ్‌కీ పీడీఎఫ్‌లకీ అది చాలు. కొనేముందు ఏ పోర్టు ఛార్జింగ్ తీసుకుంటుందో మాత్రం అడగండి. రెండు సి పోర్టులు ఉన్నా రెండూ తీసుకోకపోవచ్చు.

నేను ఇప్పుడు 14 అంగుళాల దానికి మారాను. చిన్న ఛార్జర్‌తో కలిపి రెండు కిలోల లోపే. కొనేముందు ఒక పని చేశాను, మీరూ చేయండి. లీటరు నీళ్లు కిలో బరువు. లీటరు సీసా ఒకటి, అర లీటరు సీసా ఒకటి నింపి పాత ల్యాప్‌టాప్ బదులు బ్యాగులో వేసుకుని ఒక రోజంతా తిరగండి. తర్వాత రోజు రెండు లీటర్లకి పైన ఇంకో గ్లాసుడు పోసి తిరగండి. ఎంత బరువు మీకు ఫర్వాలేదో మీ భుజమే చెబుతుంది.

సైట్_డైరీ:

పాత_హింజ్ గారూ, చాలా థాంక్స్ అండీ. ఛార్జర్ విషయం ఇన్నాళ్లూ నాకు తట్టనే లేదు. ఇంకో రెండు సందేహాలు. ఛార్జర్ పెట్టకుండా బ్యాటరీ మీద ఓ గంట గేమ్ ఆడొచ్చా? రెండోది ఫ్యాన్. మాది ఒకే గది. ఇప్పటి ల్యాప్‌టాప్ ఎల్డెన్ రింగ్ మొదలుపెట్టిన అయిదు నిమిషాలకి ఊదడం మొదలెడుతుంది. పాప కదిలిందంటే నేను మూత మూసేస్తాను. చాలా రాత్రులు అలాగే పోయాయి.

పాత_హింజ్:

బ్యాటరీ మీద ఆశ పెట్టుకోకండి. ఈ సైజు ల్యాప్‌టాప్‌లలో 70 వాట్-అవర్ల చుట్టుపక్కల బ్యాటరీ ఉంటుంది. గ్రాఫిక్స్, ప్రాసెసర్, స్క్రీన్ కలిపి 90 వాట్లు లాగితే ముప్పావు గంటకి ఖాళీ. అందుకే ఛార్జర్ తీయగానే కార్డు పవర్ బాగా తగ్గించేస్తారు, ఫ్రేములు పడిపోతాయి. పోనీ పెద్ద బ్యాటరీ పెట్టొచ్చు కదా అంటే, విమానంలో ప్రత్యేక అనుమతి లేకుండా వెంట తీసుకెళ్లగలిగేది 100 వాట్-అవర్ల వరకే. దాదాపు ఎవరూ ఆ గీత దాటరు. స్టార్‌డ్యూ లాంటివి బ్యాటరీ మీద ఆడుకోండి, ఎల్డెన్ రింగ్ ప్లగ్ దగ్గరే.

ఫ్యాన్ గురించి నాకన్నా బాగా చెప్పేవాళ్లు ఉంటారు.

మెల్లగా_టైప్:

అక్కా, మాకూ చంటిబాబు ఉన్నాడు, కాబట్టి ఫ్యాన్ సంగతి నేను చెబుతాను.

ఫ్యాన్ చప్పుడుకి కారణం వేడి, వేడికి కారణం వాట్లు. కాబట్టి గేమ్‌కి అవసరం లేని ఫ్రేములు తీయనివ్వకండి. కౌంటర్ స్ట్రైక్‌ని అలాగే వదిలేస్తే కార్డు ఎన్ని ఫ్రేములు వీలైతే అన్ని తీస్తూనే ఉంటుంది, మెనూలో ఊరికే నిలబడ్డా సరే. ఎన్విడియా కంట్రోల్ ప్యానెల్‌లో మ్యాక్స్ ఫ్రేమ్ రేట్ అని ఉంటుంది. రాత్రిపూట దాన్ని 60కి, తమ్ముడితో మ్యాచ్ ఉన్నప్పుడు 90కి పెట్టుకోండి. ల్యాప్‌టాప్‌తో వచ్చే సాఫ్ట్‌వేర్‌లో సైలెంట్ ప్రొఫైల్ పెట్టండి. నేను ఈ రెండూ చేసిన రాత్రి మావాడి ఊపిరి వినిపించింది. అంతకుముందు ఎప్పుడూ వినిపించలేదు.

రిజల్యూషన్ కూడా చూడండి. 2880 బై 1800 స్క్రీన్ అంటే 51 లక్షల పైగా పిక్సెళ్లు. 1920 బై 1200 అయితే 23 లక్షలే, సగం కూడా లేదు. గేమ్‌ని చిన్న రిజల్యూషన్‌లో నడిపితే కార్డుకి ఆ మేరకు పని తగ్గుతుంది. చిన్న రిజల్యూషన్‌లో గీసి పెద్దగా చేసి చూపించే డీఎల్‌ఎస్‌ఎస్ ఉన్న గేమ్ అయితే అది ఆన్ చేయండి. 14 అంగుళాల మీద తేడా పెద్దగా కనిపించదు.

ల్యాప్‌టాప్ మంచం మీద, దుప్పటి మీద పెట్టకండి. గాలి పీల్చుకునేది కిందనుంచే. వెనక రెండు మూలల కింద ఏదైనా పెట్టి వేలెడంత ఎత్తు లేపితే చాలు. నేను పెద్ద రబ్బరు రెండు వాడతాను, పెన్సిల్ గీతలు చెరిపేవి.

జేబు_కన్సోల్:

వేరే దారి కూడా ఉంది. పనికి 1.2 కిలోల మామూలు ల్యాప్‌టాప్, గేమ్స్‌కి స్టీమ్ డెక్ లాంటి చేతిలో పట్టుకునే గేమ్ మిషన్. ఎల్డెన్ రింగ్ దాంట్లో నడుస్తుంది, సెట్టింగ్స్ తగ్గించాలి. అది విండోస్ కాదు, లైనక్స్ కాబట్టి వాలరెంట్ లాంటి గేమ్స్ పని చేయవు, మోసాలు పట్టే వాటి యాంటీ-చీట్ సాఫ్ట్‌వేర్ ఒప్పుకోదు. కౌంటర్ స్ట్రైక్ 2 నడుస్తుంది గానీ మౌస్, కీబోర్డు తగిలించుకోవాలి. నేను అలాగే చేస్తున్నాను, నాకు సంతృప్తిగానే ఉంది.

రెండో_స్లాట్:

పైన ఎవరూ అనలేదు కాబట్టి అంటున్నాను. ఈ సన్నటి 14 అంగుళాల వాటిలో చాలావరకు ర్యామ్ బోర్డు మీదే అతికించి ఉంటుంది, తర్వాత పెంచుకోలేరు. ఆసూస్ జెఫిరస్ జి14 2024 నుంచి అంతే, టఫ్ ఎ14 కూడా అంతే. ఆటోక్యాడ్ తెరిచి ఉంచి ఇన్ని పనులు చేస్తారు కాబట్టి 32 జీబీ ఇప్పుడే తీసుకోండి. ఎస్‌ఎస్‌డీ తక్కువున్నా పర్వాలేదు, అది మార్చుకోవచ్చు.

సైట్_డైరీ:

వారం తర్వాత రాస్తున్నాను. అందరికీ పేరుపేరునా థాంక్స్.

నీళ్ల సీసాల పరీక్ష చేశాను. కిలోన్నరతో సోమవారం సైట్‌కెళ్లాను. మూడో అంతస్తు ఎక్కాక బ్యాగు దించాలని గుర్తే రాలేదు. మంగళవారం రెండు లీటర్ల పైన. మధ్యాహ్నానికల్లా పట్టీ కింద వేలు పెట్టి లాగుతూ ఉన్నాను. ఇక 2.3 కిలోల మాటెత్తను.

జేబు_కన్సోల్ గారి ఐడియా మీద రెండు రోజులు ఆలోచించాను. కానీ తమ్ముడితో మ్యాచ్‌కి మౌస్, కీబోర్డు, మళ్లీ స్టాండు అంటే నాకు కుదరదు. ఒక్క మూత తెరిస్తే అయిపోవాలి.

చివరికి జి14, టఫ్ ఎ14 రెండూ చేత్తో పట్టుకుని చూశాను. జి14 ఓఎల్‌ఈడీ స్క్రీన్ ఎంత బావుందో చెప్పలేను, నల్లరంగు నిజంగా నల్లగా ఉంది. అయితే రెండింటినీ కిటికీ దగ్గరికి తీసుకెళ్లి ఒక డ్రాయింగ్ పీడీఎఫ్ తెరిచాను. జి14లో బీమ్ గీతల మీద నా ముఖం, వెనక ట్యూబ్‌లైటు కనిపించాయి. టఫ్ స్క్రీన్‌కి మెరుపు లేదు, గీతలు గీతల్లాగే ఉన్నాయి. నేను సగం రోజు ఎండలో, గోడలేని అంతస్తుల మీద ఆ గీతలే చదవాలి. కాబట్టి టఫ్ ఎ14, 4060, 32 జీబీ. బరువు 1.46 కిలోలు.

నిన్న రాత్రి 60 ఫ్రేముల దగ్గర కట్టేసి, సైలెంట్‌లో పెట్టి, వెనక రెండు రబ్బర్లు పెట్టి ఎల్డెన్ రింగ్ తెరిచాను. ఫ్యాన్ అసలు లేదని చెప్పను, సన్నగా తిరుగుతోంది. పాప ఒకసారి కదిలి అటు తిరిగి పడుకుంది. నేను మూత మూయలేదు.