ఆపరేషన్‌కు ముందు అందరికీ సికిల్ సెల్ పరీక్ష తప్పనిసరి చేయాలా?

సిరొంచ వాసి:
మా పిన్ని కొడుకుకు పిత్తాశయంలో రాళ్లుంటే వంతెన దాటి అవతల తెలంగాణలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో తీయించాం. ఆపరేషన్ బాగానే జరిగింది. మూడో రోజు ఛాతీనొప్పి, జ్వరం, ఆయాసం. అప్పుడు గానీ సికిల్ సెల్ (ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంగిపోయే వంశపారంపర్య) జబ్బని తేలలేదు. ఐసీయూలో పెడితే గండం గడిచింది. షుగరు, బీపీ, హెచ్‌ఐవీ అన్నీ చూసినవారు దీన్ని వదిలేశారు. మహారాష్ట్రలోని మా గడ్చిరోలి జిల్లా నుంచి వచ్చే ప్రతి రోగికీ ముందే ఈ పరీక్ష చేసి తీరాలంటాను.

బల్లార్షా పెద్దమనిషి:
తప్పనిసరి అనకండి. మా ఊరి క్యాంపులో వాహకురాలని (ఒంట్లో ఆ జన్యువు మాత్రమే ఉందని) తేలిన ఒక అమ్మాయికి కుదిరిన సంబంధం తప్పిపోయింది. ఆమెకు జబ్బే లేదు! పేగు మెలిపడి వచ్చినవాణ్ణి రిపోర్టు వచ్చేదాకా కూర్చోబెడతారా? ఆదివాసులకు చేస్తే చాలదా?

అహేరి నర్సు:
చివరి మాటకు ఒళ్లు మండింది. విదర్భలో ఇది గోండు, మాడియా ఇళ్లతో ఆగలేదు. ఎస్సీ, ఓబీసీ కులాల్లోనూ ఉంది. ఇంటిపేరు చూసి పరీక్ష రాస్తామా?

ఈ జబ్బులో ఎర్రకణాలు త్వరగా చితికిపోతాయి, వాటి నుంచి వచ్చే పసుపు పదార్థం బిలిరుబిన్ పేరుకుని రాళ్లు కడతాయి. కాబట్టి చిన్న వయసులో పిత్తాశయ రాళ్లతో ఎవరైనా వస్తే సర్జన్‌కు అక్కడే అనుమానం రావాలి. థియేటర్లో చలి, గంటల తరబడి నీళ్లు తాగకపోవడం, ఆక్సిజన్ తగ్గడం. వీటికే ఆ కణాలు వంకర తిరిగి సన్నని నాళాల్లో ఇరుక్కుంటాయి. ముందే తెలిస్తే సెలైన్ పెడతాం, ఒళ్లు వెచ్చగా ఉంచుతాం, ఆపరేషన్ తర్వాత ఆక్సిజన్ మీద కన్నేసి ఉంచుతాం, అవసరమైతే ముందే రక్తం ఎక్కిస్తాం. 2013లో వైద్య పత్రిక లాన్సెట్‌లో వచ్చిన ట్రయల్‌లో ముందుగా రక్తం ఎక్కించని 33 మంది సికిల్ సెల్ రోగుల్లో 13 మందికి చిక్కులొచ్చాయి, ఎక్కించిన 34 మందిలో ఐదుగురికే. అలాగని సీసాల కొద్దీ ఎక్కించకూడదు, రక్తం చిక్కబడితే అదో ప్రమాదం.

పేగు మెలిపడినవాణ్ణి ఎవరూ ఆపరు. రక్తంలో సికిల్ హీమోగ్లోబిన్ ఉందో లేదో చెప్పే సాల్యుబిలిటీ పరీక్ష నిమిషాల్లో అయిపోతుంది. వాహకుడా, రోగా అన్నది మాత్రం తర్వాత హీమోగ్లోబిన్ రకాలను విడదీసి చూపే ఎలక్ట్రోఫొరెసిస్‌లో తేలాలి.

బల్లార్షా పెద్దమనిషి:
కులం సంగతి సరే. పెళ్లి సంబంధం సంగతికి జవాబేదమ్మా?

అహేరి నర్సు:
రిపోర్టు రోగి చేతికే ఇవ్వాలి. వార్డులో పేరు పిలిచి చదివే అలవాటు మానాలి. దానికి పరీక్షే మానేయమంటే ఎలా అండీ?

చెన్నూరు మత్తు డాక్టర్:
ఇవతలి తెలంగాణ ఒడ్డున పనిచేస్తాను. 2023 జులైలో మొదలైన జాతీయ సికిల్ సెల్ మిషన్ కింద 40 ఏళ్లలోపు ఏడు కోట్ల మందిని పరీక్షించాలన్నది లక్ష్యం. పరీక్షించి కార్డులూ ఇస్తున్నారు. నా దగ్గరికి ఆధార్, బీమా కార్డు వస్తాయి, ఆ కార్డు మాత్రం ఇంట్లో బీరువాలో ఉంటుంది. అందుకే నోటితో అడుగుతాను: కీళ్లనొప్పులతో ఎప్పుడైనా ఆసుపత్రిలో చేరారా, ఈ మధ్య రక్తం ఎక్కించారా? ఎక్కించి ఉంటే పరీక్ష కూడా తప్పుదోవ పట్టించవచ్చు. వాహకులకు మత్తు వల్ల అదనపు ముప్పు సాధారణంగా ఉండదు, వారిని భయపెట్టడం అన్యాయం. తప్పనిసరి చేస్తే బిల్లులో మరో పద్దు చేరుతుంది, రిపోర్టు ఫైల్లో పడి ఉంటుంది. నాకు ఇష్టం లేదు.

అహేరి నర్సు:
పద్దు చేరితే చేరనివ్వండి డాక్టర్ గారూ. మీలా అడిగేవారు ఎందరున్నారు? ఫైలు తెరవని డాక్టరుతో తగాదా తర్వాత పడదాం, ముందు ఆ కాగితం ఫైల్లో ఉండనివ్వండి.